జహీరాబాద్‌లో కళాశాల–పరిశ్రమ భాగస్వామ్యం: సాంకేతిక నిపుణుల తయారీ

పరిశ్రమలకు కావలసిన సాంకేతిక పనివారిని తయారుచేయడానికి విద్యాసంస్థలు, కంపెనీలు, ప్రభుత్వం కలిసి చేసుకునే ఏర్పాట్లను కళాశాల–పరిశ్రమ భాగస్వామ్యం అంటారు. పాఠ్యప్రణాళికను కలిసి రాయడం, అప్రెంటిస్‌షిప్, ఇంటర్న్‌షిప్, ఫ్యాక్టరీ ఇంజినీర్లు వచ్చి పాఠాలు చెప్పడం, యంత్రాలు సమకూర్చడం, ఉమ్మడి పరిశోధన, ఉద్యోగ నియామకాలు ఇందులోకి వస్తాయి. తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాకు చెందిన జహీరాబాద్ ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైన చోటు. ఇక్కడ వాహనాల తయారీకి నాలుగు దశాబ్దాల చరిత్ర ఉంది. కేంద్ర ప్రభుత్వం 2024లో ఆమోదించిన పారిశ్రామిక స్మార్ట్ సిటీ రూపుదిద్దుకోవలసి ఉంది. పేరున్న సాంకేతిక విద్యాసంస్థలు మాత్రం ఎక్కువగా హైదరాబాద్ వైపు, అదే జాతీయ రహదారి పొడవునా ఉన్నాయి. ఫ్యాక్టరీ ఒక చోట, చదువు మరో చోట ఉన్నప్పుడు రెండింటినీ కలపడం ఎలా అన్నదే జహీరాబాద్ ముందున్న ప్రశ్న.

ప్రాంతం, పారిశ్రామిక నేపథ్యం

జహీరాబాద్ హైదరాబాద్‌కు పడమరగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, 65వ జాతీయ రహదారి మీద ఉంది. వికారాబాద్ నుంచి బీదర్ మీదుగా పర్లీ వెళ్లే రైలు మార్గం కూడా ఈ పట్టణం గుండానే పోతుంది. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉంది. బీదర్ ఇక్కడికి దాదాపు 30 కిలోమీటర్లు. తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ నాలుగూ బజారులో వినిపిస్తాయి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగేదాకా ఇది మెదక్ జిల్లాలో భాగం. చుట్టుపక్కల పల్లెల్లో చెరకు, అల్లం, ఆలుగడ్డ, జొన్న, కంది పండిస్తారు.

ఇక్కడికి భారీ పరిశ్రమ 1980లలో వచ్చింది. అప్పట్లో తేలికపాటి వాణిజ్య వాహనాల తయారీకి జపాన్ కంపెనీలతో నాలుగు భారతీయ సంస్థలు చేతులు కలిపాయి. డీసీఎం టయోటాతో, స్వరాజ్ మజ్దాతో, ఐషర్ మిత్సుబిషితో ఒప్పందాలు చేసుకోగా, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ హైదరాబాద్ ఆల్విన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో వ్యాన్ల తయారీ మొదలుపెట్టింది. ఆ దశాబ్దం చివరలో ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్లింది. 2013లో అదే పట్టణంలో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ప్రారంభమైంది. ఏడాదికి లక్ష ట్రాక్టర్లు తయారుచేయగల సామర్థ్యంతో దాన్ని నిర్మించారు. 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఆ కంపెనీ విడుదల చేసిన ‘ఓజా’ శ్రేణి తేలికపాటి ట్రాక్టర్లను జపాన్‌లోని మిత్సుబిషి మహీంద్రా సంస్థతో కలిసి రూపొందించారు. వాటి తయారీ జహీరాబాద్‌లో. విద్యుత్ మూడు చక్రాల వాహనాల తయారీని ఇక్కడ విస్తరిస్తామని కూడా 2023లో ఆ కంపెనీ ప్రకటించింది.

డీజిల్ వ్యాన్ నుంచి విద్యుత్ ఆటో దాకా సాగిన ఈ ప్రయాణంలో పనివాడి నైపుణ్యం కూడా మారింది. స్పానర్, ఫైలు, వెల్డింగ్ టార్చ్‌తో మొదలైన పనిలోకి సీఎన్‌సీ యంత్రాలు, సెన్సర్లు, బ్యాటరీ నియంత్రణ సర్క్యూట్లు, పెయింట్ రోబోలు వచ్చి చేరాయి. ఇరవై ఏళ్ల కిందట ఫిట్టర్‌గా చేరిన వ్యక్తికీ, ఇవాళ చేరే యువకుడికీ ఒకే సిలబస్ సరిపోదు.

భాగస్వామ్య భావన: మూలాలు

చదువునూ కార్ఖానా పనినీ ఒకే కోర్సులో కలపాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 1906లో హెర్మన్ ష్నైడర్ ఇంజినీరింగ్ విద్యార్థులను కొంతకాలం తరగతిలో, కొంతకాలం ఫ్యాక్టరీలో ఉంచే పద్ధతి ప్రవేశపెట్టారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం 1957లో పుట్టినప్పటి నుంచీ ఈ బాటలోనే నడిచింది. జర్మనీలో ‘ద్వంద్వ శిక్షణ’కు 1969 నాటి చట్టం గట్టి పునాది వేసింది. అక్కడ శిక్షణార్థి వారంలో ఎక్కువ రోజులు కంపెనీలో పనిచేస్తూ, మిగిలిన రోజులు వృత్తి పాఠశాలకు వెళ్తాడు. పరీక్షలు నిర్వహించేది స్థానిక వాణిజ్య, పారిశ్రామిక మండలి. కంపెనీ తన ఖర్చుతో శిక్షణ ఇస్తుంది కాబట్టి, ఏం నేర్పాలో చెప్పే అధికారం కూడా దానికి ఉంటుంది.

భారతదేశంలో ఐటీఐల, అంటే పారిశ్రామిక శిక్షణ సంస్థల, ద్వారా వృత్తి శిక్షణ పథకం 1950లో మొదలైంది. అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. ఇంజినీరింగ్ స్థాయిలో బిట్స్ పిలానీ 1973లో ‘ప్రాక్టీస్ స్కూల్’ పేరుతో విద్యార్థులను అధ్యాపకుల పర్యవేక్షణలో పరిశ్రమలకు పంపే విధానం తెచ్చింది. 2008లో హైదరాబాద్ శివారున మొదలైన ఆ సంస్థ క్యాంపస్ కూడా దాన్నే పాటిస్తోంది. ఐటీఐలలో జర్మన్ తరహా ద్వంద్వ శిక్షణను కేంద్రం 2016లో ప్రవేశపెట్టింది.

తెలుగు నేల మీది తొలి నమూనాలు

హైదరాబాద్‌లో ఈ భాగస్వామ్యాలు రకరకాల రూపాల్లో నడిచాయి. ఒక్కో నమూనా ఒక్కో పాఠం నేర్పింది.

బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సహాయంతో ఏర్పడింది. టూల్‌రూమ్‌నూ తరగతినీ ఒకే ఆవరణలో ఉంచడం దీని ప్రత్యేకత. పరిశ్రమల నుంచి వచ్చిన నిజమైన ఆర్డర్ల మీద పనిచేస్తూ విద్యార్థులు డైలు, అచ్చుల తయారీ నేర్చుకుంటారు. ఆర్డరు గడువుకు అందించాలి, కొలతల్లో తేడా వస్తే కొనుగోలుదారు తిప్పి పంపుతాడు. ఆ ఒత్తిడే సగం చదువు.

1998లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ డబ్బు సమస్యకు దారి చూపింది. కాంట్రాక్టర్ల బిల్లుల నుంచి మినహాయించే చిన్న భాగంతో తాపీ, బార్ బెండింగ్, ప్లంబింగ్ వంటి పనుల్లో శిక్షణ నడిచేలా ఏర్పాటు చేశారు. ఏ ఒక్క కంపెనీ దయాదాక్షిణ్యాల మీదో ఆధారపడకుండా, రంగం మొత్తం మీద కొద్దికొద్దిగా భారం పంచడం ఇందులోని మెళకువ.

అదే 1998లో గచ్చిబౌలిలో ప్రారంభమైన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యంతో నడిచే లాభాపేక్ష లేని సంస్థ. తొలినాళ్లలో ఐబీఎం, ఒరాకిల్, సత్యం, మోటొరోలా వంటి కంపెనీల పేర్లతో ఆవరణలోనే కార్పొరేట్ స్కూళ్లు ఉండేవి. కాలక్రమంలో ఆ సంస్థ కంపెనీల స్కూళ్ల మీద కన్నా సొంత పరిశోధనా కేంద్రాల మీదే ఎక్కువ నిలబడింది. ఒక కంపెనీ ఉత్పత్తి చుట్టూ అల్లిన పాఠ్యక్రమం ఆ ఉత్పత్తి ఉన్నంతకాలమే పనికొస్తుంది. మౌలిక శాస్త్రం గట్టిగా నేర్పితే కంపెనీలు మారినా చదువు నిలుస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల దశకంలో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు ఇంజినీరింగ్, డిగ్రీ కళాశాలల్లో ఐటీ ఉద్యోగాలకు తగిన శిక్షణ ఇచ్చాయి. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో 2014లో ఏర్పడిన టాస్క్, అంటే తెలంగాణ నైపుణ్య, విజ్ఞాన అకాడమీ, కళాశాలలకూ సాంకేతిక కంపెనీలకూ మధ్యవర్తిగా పనిచేస్తోంది. విడివిడిగా ఒక్కో కళాశాల ఒక్కో కంపెనీ గడప తొక్కే బదులు, అందరి తరఫునా ఒకే సంస్థ మాట్లాడటం జిల్లా కళాశాలలకు ఉపయోగపడే పద్ధతి.

చట్టం, నిధులు

భాగస్వామ్యాలకు ఊతమిచ్చే చట్టాలలో 1961 నాటి అప్రెంటిస్ చట్టం ముఖ్యమైనది. 2014లో చట్టాన్నీ, 2019లో దాని నియమాలనూ సవరించారు. 2019 సవరణ ప్రకారం 30 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. కనీస స్టైపెండ్‌ను అర్హతను బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయలుగా అప్పట్లో నిర్ణయించారు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా 1,500 రూపాయలు, కేంద్రం భరిస్తుంది. శిక్షణ పూర్తయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం చట్టం కంపెనీని నిర్బంధించదు. ఒప్పందంలో ఆ మాట రాసుకుంటే తప్ప అప్రెంటిస్ చేతికి వచ్చేది సర్టిఫికెట్టే.

2013 నాటి కంపెనీల చట్టం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత పనులకు ఖర్చుపెట్టాలంటుంది. వృత్తి నైపుణ్య శిక్షణ ఆ పనుల జాబితాలో ఉంది. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం దేశంలోని 500 పెద్ద కంపెనీల్లో 21–24 ఏళ్ల యువతకు 12 నెలల శిక్షణ, నెలకు 5,000 రూపాయల భృతి ప్రతిపాదించింది. 2025 మేలో కేంద్ర మంత్రివర్గం 1,000 ప్రభుత్వ ఐటీఐలను పరిశ్రమల భాగస్వామ్యంతో ఆధునికీకరించడానికి 60,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది.

ఈ చివరి పథకానికి ఒక పూర్వరంగం ఉంది. 2007–08లో కేంద్రం 1,396 ప్రభుత్వ ఐటీఐలకు ఒక్కోదానికి 2.5 కోట్ల రూపాయల దాకా వడ్డీ లేని రుణం ఇచ్చింది. పరిశ్రమ ప్రతినిధి అధ్యక్షతన నిర్వహణ సంఘాలు ఏర్పాటు చేయాలన్నది షరతు. సంఘానికి అధ్యక్షుడైన పారిశ్రామికవేత్త సమావేశాలకు హాజరై, తన ఫ్యాక్టరీలో విద్యార్థులకు చోటిస్తే ఐటీఐ బాగుపడుతుంది. ఆయన పేరు బోర్డు మీదికే పరిమితమైతే ఆ డబ్బు భవనాలకో బ్యాంకు డిపాజిట్‌కో పోతుంది. ఆసక్తి ఉన్న మనిషి లేనిచోట నిధి ఒక్కటే ఏమీ చేయలేదన్నది ఆ పథకం నుంచి తీసుకోదగిన పాఠం.

65వ జాతీయ రహదారి మీది విద్యాసంస్థలు

హైదరాబాద్ నుంచి జహీరాబాద్ వెళ్లే దారి పొడవునా పరిశ్రమలు, విద్యాసంస్థలు ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి. రామచంద్రాపురంలో 1960లలో వచ్చిన బీహెచ్ఈఎల్, ఆ తర్వాత పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఎద్దుమైలారంలో 1980లలో ఏర్పడిన ఆయుధ కర్మాగారం, సదాశివపేట దగ్గర ఎంఆర్ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ పరిశ్రమల వరుస. రుద్రారంలో గీతం, కందిలో ఐఐటీ హైదరాబాద్, సదాశివపేట దాటాక కంకోల్ దగ్గర వోక్సెన్ విశ్వవిద్యాలయం విద్యాసంస్థల వరుస. జిల్లాలోనే సుల్తాన్‌పూర్‌లో 2012లో మొదలైన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. జహీరాబాద్ పట్టణంలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది.

వీటిలో ఐఐటీ హైదరాబాద్ పాత్ర ప్రత్యేకమైనది. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో తాత్కాలికంగా మొదలైన ఈ సంస్థ తర్వాత కందిలోని సొంత క్యాంపస్‌కు మారింది. ఆ క్యాంపస్ నిర్మాణానికి జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ జైకా సాయం అందించింది. డ్రైవర్ లేని వాహనాలను పరీక్షించే ‘తిహాన్’ కేంద్రాన్ని 2022 జులైలో ప్రారంభించారు. అదే ఏడాది సుజుకీ ఇన్నోవేషన్ సెంటర్ కూడా అక్కడ ఏర్పాటైంది. పరిశోధన స్థాయిలో వాహన పరిశ్రమతో సంబంధం ఎలా ఉండాలో చూపే ఉదాహరణలివి. అయితే ఐఐటీలో చదివినవారు జహీరాబాద్ షాప్ ఫ్లోర్ మీద పనిచేయడానికి రారు. ఫ్యాక్టరీకి ఎక్కువగా కావలసింది ఐటీఐ, డిప్లొమా చదివినవారు. పరిశోధన సంస్థకూ ఐటీఐకీ మధ్య పాలిటెక్నిక్, జిల్లా ఇంజినీరింగ్ కళాశాల అనే మెట్లు బలంగా లేకపోతే పైనున్న పరిజ్ఞానం కిందికి దిగదు.

మహీంద్రా గ్రూపు సొంతంగా ఉన్నత విద్యలోకి కూడా వచ్చింది. ఫ్రాన్స్‌కు చెందిన ఎకోల్ సెంట్రల్ సహకారంతో 2014లో హైదరాబాద్ బహదూర్‌పల్లిలో మొదలైన మహీంద్రా ఎకోల్ సెంట్రల్ 2020లో మహీంద్రా విశ్వవిద్యాలయంగా విస్తరించింది. ఒకే గ్రూపు ఒక ఊళ్లో ట్రాక్టర్లు చేస్తూ, మరోచోట ఇంజినీర్లను తయారుచేస్తోంది.

సరిహద్దుకు అవతల బీదర్‌లో 1980లో ఏర్పడిన గురునానక్ దేవ్ ఇంజినీరింగ్ కళాశాల జహీరాబాద్ వారికి సంగారెడ్డి కన్నా దగ్గర. కానీ స్కాలర్‌షిప్పులు, నైపుణ్య పథకాలు రాష్ట్రాల వారీగా నడుస్తాయి. దగ్గరలో ఉన్న కళాశాల పరాయి రాష్ట్రానిది కావడం సరిహద్దు పట్టణాలన్నిటికీ ఉన్న చిక్కే.

అధునాతన సాంకేతిక కేంద్రాలు, స్కిల్స్ యూనివర్సిటీ

తెలంగాణలో ఇటీవలి అతిపెద్ద ప్రయత్నం 65 ప్రభుత్వ ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చడం. టాటా టెక్నాలజీస్‌తో కలిసి చేపట్టిన ఈ 2,324 కోట్ల రూపాయల ప్రాజెక్టుకు 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో ముఖ్యమంత్రి ఎ. రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. వ్యయంలో పెద్ద భాగం కంపెనీ వైపు నుంచి వస్తుంది. యంత్రాలు, సాఫ్ట్‌వేర్, శిక్షకుల బాధ్యత కూడా కంపెనీదే. దీర్ఘకాలిక కోర్సులు ఆరు. పారిశ్రామిక రోబోలు–డిజిటల్ తయారీ, తయారీ ప్రక్రియల నియంత్రణ–ఆటోమేషన్, అధునాతన సీఎన్‌సీ మెషినింగ్, విద్యుత్ వాహనాల మెకానిక్, మెకానికల్ డిజైనర్, ఆధునిక పరికరాలతో చేతివృత్తి పని అన్నవి ఆ ఆరు. వీటితోపాటు 23 స్వల్పకాలిక కోర్సులు కూడా ప్రకటించారు. ట్రాక్టర్లు, విద్యుత్ ఆటోలు తయారయ్యే ఊరికి ఈ ఆరింటిలో ఏదీ పరాయిది కాదు.

అదే ఏడాది ఆగస్టులో రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేట దగ్గర యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యంలో నడిచే ఈ విశ్వవిద్యాలయానికి ఆనంద్ మహీంద్రాను చైర్మన్‌గా నియమించారు. ఫార్మా, వైద్య సేవలు, సరుకు రవాణా వంటి రంగాల్లో కోర్సులు తొలి విడతలో మొదలయ్యాయి. 2024 సెప్టెంబరులో డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులకు బ్యాంకింగ్, ఆర్థిక సేవలు, బీమా రంగాల్లో శిక్షణ కార్యక్రమాన్ని 38 కళాశాలల్లో ప్రారంభించారు. ఇంజినీరింగ్ చదవని విద్యార్థులకు కూడా పరిశ్రమతో సంబంధం కుదర్చడం ఇందులోని కొత్తదనం. జహీరాబాద్ డిగ్రీ కళాశాల వంటి చోట్ల స్టోర్స్, నాణ్యత తనిఖీ రికార్డులు, సరుకు రవాణా లెక్కలు, జీతాల పట్టీల పనికి కావలసినవారు తయారయ్యే అవకాశం ఈ మార్గంలో ఉంది. ఫ్యాక్టరీలో యంత్రం ముందు నిలబడే పని ఎంత అవసరమో, ఈ కాగితం పని కూడా అంతే అవసరం.

నిమ్జ్, భూమి, శిక్షణ హక్కు

2011 నాటి జాతీయ తయారీ విధానం కింద ప్రతిపాదించిన జాతీయ పెట్టుబడి, తయారీ మండళ్లలో జహీరాబాద్ ఒకటి. స్థానికంగా ‘నిమ్జ్’ అని పిలిచే ఈ ప్రాజెక్టును న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోని 17 గ్రామాల పరిధిలో సుమారు 12,635 ఎకరాల్లో తలపెట్టారు. 2016లో కేంద్రం ఆమోదం లభించింది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక స్మార్ట్ సిటీల్లో జహీరాబాద్‌కు చోటు దక్కింది. హైదరాబాద్–నాగ్‌పూర్ పారిశ్రామిక కారిడార్‌లో భాగంగా తొలి దశలో 3,245 ఎకరాలను 2,361 కోట్ల రూపాయలతో అభివృద్ధి చేయాలన్నది ప్రణాళిక. 1.74 లక్షల మందికి ఉపాధి దొరుకుతుందని ప్రభుత్వ అంచనా. అంతకుముందే 2022 జూన్‌లో ఝరాసంగం మండలం ఎల్గోయిలో వెమ్ టెక్నాలజీస్ రక్షణ ఉత్పత్తుల కేంద్రానికి శంకుస్థాపన జరిగింది.

ఈ ప్రగతికి మరో పార్శ్వం భూసేకరణ. నిమ్జ్ కోసం భూమి తీసుకోవడాన్ని న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల రైతులు వ్యతిరేకించారు, పరిహారం పెంచాలని పోరాడారు. 2013 భూసేకరణ చట్టాన్ని పక్కనబెట్టి నేరుగా కొనుగోలు చేసేందుకు ప్రభుత్వం 2015లో తెచ్చిన జీవో 123ను ఈ ప్రాంతపు వ్యవసాయ కూలీలు హైకోర్టులో సవాలు చేశారు. 2016 ఆగస్టులో ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. భూమి లేని కూలీకి కూడా ఆ భూమి మీద బతుకు ఉందన్నది వారి వాదన.

నైపుణ్య శిక్షణకు ఇది నేరుగా సంబంధించిన విషయం. 2013 చట్టంలోని రెండో షెడ్యూలు ప్రకారం, ప్రాజెక్టు వల్ల ఉద్యోగాలు వచ్చే చోట ప్రభావిత కుటుంబంలో ఒకరికి తగిన శిక్షణ, నైపుణ్యాభివృద్ధి కల్పించి ఉద్యోగమివ్వడం ఒక ప్రత్యామ్నాయం. 5 లక్షల రూపాయల ఏకమొత్తం, లేదా 20 ఏళ్లపాటు నెలకు కనీసం 2,000 రూపాయల భృతి మిగిలిన రెండు ప్రత్యామ్నాయాలు. అంటే శిక్షణను చట్టం పునరావాసంలో భాగంగా చూసింది. కానీ ఉద్యోగం ఎప్పుడొస్తుందో, ఏ కోర్సు చదవాలో, ఏ కళాశాలలో సీటు ఉందో చెప్పేవారు లేకపోతే ఏ కుటుంబమైనా చేతికొచ్చే ఏకమొత్తాన్నే ఎంచుకుంటుంది. శిక్షణ అన్న ప్రత్యామ్నాయం నమ్మదగినదిగా కనిపించాలంటే దాని వెనక పేరున్న కళాశాల, పేరున్న కంపెనీ, తేదీ ఉండాలి.

స్థానికులకు ఉద్యోగాలిచ్చే కంపెనీలకు అదనపు రాయితీలిచ్చే విధానాన్ని తెలంగాణ మంత్రివర్గం 2020లో ఆమోదించింది. నైపుణ్యం ఉన్నవారు ఊళ్లో దొరకకపోతే ఎంత రాయితీ ఇచ్చినా కంపెనీ బయటివారినే తెచ్చుకుంటుంది. అప్పుడు స్థానికులకు మిగిలేది కాపలా, లోడింగ్, హౌస్‌కీపింగ్ వంటి కాంట్రాక్టు పనులే.

భాగస్వామ్యం పనిచేసే తీరు

మంచి భాగస్వామ్యం కొన్ని అంచెలుగా నడుస్తుంది. మొదటిది అవసరాల పట్టిక. వచ్చే మూడేళ్లలో ఏయే పనులకు ఎంతమంది కావాలో కంపెనీ రాసివ్వాలి. ‘నైపుణ్యం గల యువత కావాలి’ అన్న మాటతో కళాశాల ఏమీ చేయలేదు. ‘మిగ్ వెల్డర్లు ఇంతమంది, బ్యాటరీ ప్యాక్ పరీక్షించేవారు ఇంతమంది’ అంటే సీట్ల సంఖ్య తేలుతుంది. రెండోది సిలబస్. సాంకేతిక విద్యా మండలి నిర్దేశించిన పాఠ్యాంశాలను మార్చే వీలు కళాశాలకు తక్కువ కాబట్టి, కంపెనీ అవసరాలను అదనపు మాడ్యూళ్లుగా చేర్చడం వాడుకలో ఉన్న మార్గం. మూడోది శిక్షకులు. ఐటీఐ అధ్యాపకులు ఏడాదికి కొన్ని వారాలు ఫ్యాక్టరీలో పనిచేసి రావాలి. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లు వచ్చి తరగతి తీసుకోవాలి. ఉన్నత విద్యలో అనుభవజ్ఞులను పట్టా లేకపోయినా బోధనకు తీసుకునే వీలును యూజీసీ 2022లో కల్పించింది.

నాలుగోది యంత్రాలు. కళాశాల కొన్న యంత్రం నాలుగు బ్యాచ్‌ల చదువు ముగిసేసరికే పాతదైపోవచ్చు. అందుకే ఖరీదైన యంత్రాన్ని కళాశాలలో పెట్టడం కన్నా, ఫ్యాక్టరీలో ఉన్న యంత్రం మీద విద్యార్థికి నిర్ణీత గంటలు ఇవ్వడం చవక. ఐదోది పరీక్ష. నేర్చుకున్నది సరిపోయిందో లేదో తేల్చే పనిలో ఫ్యాక్టరీ మనిషి కూర్చోవాలి. తాను మార్కులు వేసిన విద్యార్థిని తర్వాత ‘పనికిరాడు’ అనడం కంపెనీకి కష్టం. ఆరోది నియామకం, ఆ తర్వాతి లెక్క. చేరినవారిలో ఏడాది తర్వాత ఎంతమంది ఉన్నారో, జీతం ఎంత పెరిగిందో కళాశాలకు తిరిగి తెలియాలి. క్యాంపస్ సెలక్షన్ రోజు సంఖ్యే పత్రికల్లో వస్తుంది, ఏడాది తర్వాతి సంఖ్యే అసలు విషయం చెబుతుంది.

కళాశాల గోడలకు అవతల

సాంకేతిక శిక్షణ అంతా కళాశాలల్లోనే జరగనక్కర్లేదని చూపిన ఉదాహరణ కూడా జహీరాబాద్‌లోనే ఉంది. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చిరుధాన్యాలు పండించే దళిత మహిళల సంఘాలతో పనిచేస్తోంది. అక్షరం రాని మహిళలు వీడియో కెమెరా పట్టి, ఎడిటింగ్ నేర్చి డాక్యుమెంటరీలు తీశారు. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్ నుంచి సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. ఆ స్టేషన్‌ను నడిపేదీ గ్రామీణ మహిళలే. ఏటా సంక్రాంతి సమయంలో జరిగే పాత పంటల జాతర విత్తన పరిరక్షణకు పేరుపొందింది. సొసైటీకి 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి లభించింది.

పనికి ముందు పట్టా అడగకుండా, చేయిస్తూ నేర్పించడం, నేర్చినవారి చేతికే పరికరాలు అప్పగించడం ఆ సంఘాల పద్ధతి. చిరుధాన్యాల శుద్ధి, ప్యాకింగ్, చిన్న యంత్రాల మరమ్మతు, ట్రాక్టర్ పనిముట్ల సర్వీసింగ్ వంటి పనులు పెద్ద ఫ్యాక్టరీ గేటు దాటలేని కుటుంబాలకు అందుబాటులో ఉంటాయి. పరిశ్రమ అంటే నిమ్జ్ హద్దుల లోపలి కంపెనీలే అన్న లెక్కతో శిక్షణ ప్రణాళిక వేస్తే ఈ రంగం తప్పిపోతుంది.

సమస్యలు

అవగాహన ఒప్పందాలు ఎక్కువ, వాటి అమలు తక్కువ అన్నది దేశమంతా వినిపించే విమర్శ. ఒప్పందం చేసుకున్న ప్రిన్సిపాల్ బదిలీ అయినా, కంపెనీ మానవ వనరుల అధికారి మారినా అది ఫైలులోనే ఉండిపోతుంది. కొన్ని కంపెనీలు అప్రెంటిస్‌ను తక్కువ జీతపు కార్మికుడిగా వాడుకుంటాయన్న ఆరోపణ మరొకటి. ఏడాదంతా ఒకే బోల్టు బిగించినవాడు ట్రేడ్ నేర్చుకున్నట్టు కాదు. చిన్న అనుబంధ పరిశ్రమలు శిక్షణ ఖర్చు భరించలేవు. తాము నేర్పిన పనివాడిని పెద్ద కంపెనీ ఎగరేసుకుపోతుందన్న భయం వాటికి ఉంటుంది.

భాష మరో అడ్డంకి. జహీరాబాద్ పిల్లలు తెలుగు, ఉర్దూ, కన్నడ మాధ్యమాల నుంచి వస్తారు. యంత్రాల మీది సూచనలు, సాఫ్ట్‌వేర్ తెరలు ఇంగ్లిషులో ఉంటాయి. చెన్నైలోని జాతీయ బోధన మాధ్యమ సంస్థ ఐటీఐ ట్రేడ్ పుస్తకాలను ప్రాంతీయ భాషల్లో ప్రచురిస్తోంది. కొత్త కోర్సులకు కూడా అవి సకాలంలో రావాలి. అమ్మాయిల సంఖ్య ఇంకో ప్రశ్న. రాత్రి షిఫ్టు, రవాణా, హాస్టల్ సౌకర్యం తేలకుండా ఆటోమొబైల్ ట్రేడుల్లో చేరమంటే తల్లిదండ్రులు ఒప్పుకోరు.

ముందున్న దశ

ఐటీఐ ఇంజినీరింగ్ ట్రేడులు ఎక్కువగా రెండేళ్లవి. డిప్లొమా మూడేళ్లు, బీటెక్ నాలుగేళ్లు. ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగాక ఉత్పత్తి మొదలవడానికి దాదాపు అంతే కాలం పడుతుంది. కాబట్టి శంకుస్థాపన జరిగిన ఏడాదే కోర్సులో తొలి బ్యాచ్ చేరితే, గేటు తెరిచే రోజుకు ఊళ్లోనే పనివారు సిద్ధంగా ఉంటారు. గేటు తెరిచాక కోర్సు మొదలుపెడితే ఆ ఉద్యోగాలు అప్పటికే బయటివారితో నిండి ఉంటాయి. స్మార్ట్ సిటీలో భూమి కేటాయించే ప్రతి ఒప్పందంలోనూ ఏ కళాశాలతో, ఏ కోర్సులో, ఎన్ని అప్రెంటిస్ సీట్లు, ఏ సంవత్సరం నుంచి అన్న నాలుగు వివరాలు రాయించడం ప్రభుత్వం చేతిలో ఉన్న పని. నీరు, కరెంటు, రోడ్లకు గడువులు పెట్టే ప్రణాళికలో శిక్షణకు కూడా గడువు ఉంటేనే, భూమి ఇచ్చిన న్యాల్‌కల్, ఝరాసంగం కుటుంబాల పిల్లలు ఆ 1.74 లక్షల అంచనాలో నైపుణ్యం గల పనివారిగా లెక్కకు వస్తారు.